పిల్లోణ్ణి రోజూ ఒకే టైముకు లేపాలా: మా ఇంటి ప్రాజెక్టు డైరీ

నవంబరు చివర

సంక్రాంతి కాగానే నేను డ్యూటీలో చేరాలి. 2017లో చట్టం సవరించాక ప్రసూతి సెలవు 26 వారాలైంది. దానికి నా సొంత సెలవులు కొన్ని అతికించుకున్నాను, ఇక అంతకుమించి సాగదు. నాది ల్యాబ్ టెక్నీషియన్ పని. షుగరుకీ కొలెస్ట్రాలుకీ పరగడుపున రక్తం ఇచ్చేవాళ్లు ఏడు గంటలకల్లా వచ్చి కూర్చుంటారు. తిరుపతి బైరాగిపట్టెడలో మా ఇంటి ముందు నుంచి స్కూటీ 6.40కి కదిలితేనే ఆ టైముకు అందుకోగలను.

మా చిన్నోడికి ఐదో నెల నడుస్తోంది. వాడికి ఏ రోజు ఎప్పుడు తెల్లవారుతుందో ఎవరూ చెప్పలేరు. ఒకరోజు ఆరింటికే కళ్లు తెరిచి ఫ్యానుతో మాట్లాడుతుంటాడు, ఇంకోరోజు ఎనిమిదిన్నరైనా కదలడు. నేను ఇంట్లో ఉన్నంతకాలం ఇది ఇబ్బంది కాదు. నేను వెళ్లాక వాణ్ణి చూసుకునేది మా అత్త. ఆమెకు మోకాళ్ల నొప్పులు. బిడ్డ ఎప్పుడు లేస్తాడో, ఎప్పుడు తాగుతాడో, తాను ఎప్పుడు స్నానం చేసి ఇన్ని కాఫీ నీళ్లు తాగొచ్చో ఆమెకు తెలియాలి. పిండి ఫ్రిజ్‌లో పెట్టే పాలు ఏ గంటకు ఎన్ని కావాలో నాకు తెలియాలి. అందుకని ఈ నెలన్నరలో తేల్చుకోవాల్సింది ఒకటే: వాణ్ణి రోజూ ఒక టైముకు లేపడమా, వాడు లేచినప్పుడే తెల్లారిందనుకోవడమా.

ఇంట్లో అడిగితే ఎవరి మాట వాళ్లది. అత్త ఖచ్చితంగా చెప్పేసింది: "నిద్దరపోయే బిడ్డను లేపకూడదు మే. బిడ్డ పెరిగేదే నిద్దరలో." మా అమ్మ పూతలపట్టు దగ్గరి ఊరి నుంచి ఫోనులో, "నీకు దినామూ కోడి కూసేసరికి నీళ్లు పోసేదాన్ని, నువ్వు పెరగలేదా?" అనింది. పక్కింటి అవ్వ మధ్యలో దూరి, "కొండ మీద స్వామినే మూడింటికి లేపతారు, మీవోణ్ణి ఏడింటికి లేపితే తప్పా?" అని తీర్పిచ్చేసింది.

అత్త మాట తీసిపారేసేది కాదు. ఎదుగుదల హార్మోను ఎక్కువగా విడుదలయ్యేది గాఢనిద్రలోనే. కాబట్టి నాకు నేను ఒక షరతు పెట్టుకున్నాను. ఏం చేసినా వాడి 24 గంటల మొత్తం నిద్ర తగ్గకూడదు. తగ్గుతున్నట్టు కనిపిస్తే అక్కడితో ఆపేయాలి. అత్తకు ఈ మాట చెప్పాక, "అట్లయితే చూడు" అనింది.

డిసెంబరు మొదటి వారం

ఇంకా ఏమీ మార్చలేదు, రాసుకుంటున్నానంతే. ల్యాబులో కొత్త మెషిన్ వస్తే ముందు ఫలితం తెలిసిన కంట్రోల్ శాంపిల్ నడిపి చూస్తాం, ఆ తర్వాతే పేషెంట్ల రక్తం పెడతాం. ఉన్న పరిస్థితి తెలియకుండా మార్పు మొదలుపెడితే ఏది దేనివల్ల జరిగిందో ఎప్పటికీ తేలదు.

గళ్ల పుస్తకం ఒకటి తీసుకున్నాను. రోజుకు ఒక వరస, గంటకు రెండు గళ్లు. నిద్రపోతే పెన్సిల్‌తో నింపాలి, పాలు తాగితే ఎర్ర చుక్క. నేను వంటింట్లో ఉన్నప్పుడు రాసేది అత్త. ఆమె గంటలు వేయదు, గీతలు గీస్తుంది. "సీరియల్ మొదలయ్యేటప్పటికి పడుకున్నాడు, ఇస్త్రీ అబ్బాయి వచ్చినప్పుడు లేచినాడు" అని చెబుతుంది, అప్పుడు ఆ గీతలు చూసి నేను గళ్లు నింపుతాను. పుస్తకం అంచులంతా పసుపు వేలిముద్రలు. అయినా ఆమె లెక్క తప్పదు. ఇస్త్రీ అబ్బాయి మా వీధికి వచ్చే టైము మార్చడు కాబట్టి నాకు అది గడియారంతో సమానం.

వారం గళ్లు నిండాక పుస్తకాన్ని కాస్త దూరంగా పట్టుకుని చూస్తే బొమ్మ కనిపించింది. మొత్తం నిద్ర ఏ రోజైనా పదమూడు, పద్నాలుగు గంటల మధ్యే ఉంది. 4 నుంచి 11 నెలల పిల్లలకు పగటి కునుకులతో కలిపి 12 నుంచి 16 గంటలు కావాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో చెప్పింది, కాబట్టి మొత్తంలో లోటు లేదు. ఎప్పుడన్నదే నిలకడగా లేదు. ఆలస్యంగా లేచిన రోజు పగటి కునుకులు ఒకదాని వెనక ఒకటి జరుగుతూ పోయి, మూడో కునుకు దీపాలు పెట్టే వేళ దాటేదాకా సాగుతోంది. ఆ రాత్రి పదిన్నరకు గానీ పడుకోడు. పదిన్నరకు పడుకున్నవాడు మర్నాడు మళ్లీ ఆలస్యంగా లేస్తాడు. ఒకరోజు పొద్దున జరిగింది రెండు రోజుల పాటు వెంటాడుతోంది.

ఆ వారంలోనే, రాత్రుళ్లు చదివినవి

వాడు పుట్టిన కొత్తలో ఆసుపత్రి నర్సు రెండు మూడు గంటలకోసారి లేపి పాలివ్వమనింది. అదీ లేపడమే గానీ, గడియారం కోసం కాదు, బరువు కోసం. పుట్టిన బిడ్డ మొదటి రోజుల్లో కొంత బరువు తగ్గుతుంది, రెండు వారాలు తిరిగేసరికి పుట్టిన బరువుకు రావాలి. అంతవరకు రోజుకు 8 నుంచి 12 సార్లు తాగాలి, పడుకున్నాడని వదిలేయకూడదు. కామెర్లున్న బిడ్డ అయితే మరీ మగతగా ఉంటుంది, తప్పకుండా లేపాలి. ఆ దశలో ఉన్న తల్లులు నేను ఇక్కడ రాసే టైముల జోలికి రావద్దు.

అప్పట్లో వాడికి రాత్రీ పగలూ తేడా తెలియదు. మెదడులో హైపోథలామస్ అనే భాగంలో సుప్రాకయాస్మాటిక్ న్యూక్లియస్ అని చిన్న గుంపు కణాలు ఉంటాయి, ఒంటి గడియారం అదే. కంట్లో పడే వెలుగును బట్టి అది పగలేదో రాత్రేదో తెలుసుకుంటుంది. చీకటి పడ్డాక నిద్రకు సాయపడే మెలటోనిన్ హార్మోను ఊరడం, తెల్లారాక ఆగడం అనే తీరు పిల్లల్లో రెండు మూడు నెలలు నిండేసరికి గానీ కుదురుకోదు. అంతకుముందు రాత్రి మెలటోనిన్ అందేది తల్లి పాల నుంచే. రాత్రి పాలలో అది ఉంటుంది, పగటి పాలలో ఉండీ లేనట్టే. ఇది చదివాక రాత్రి పిండిన పాల మూతల మీద నెలవంక గుర్తు గీస్తున్నాను, సాయంత్రం తర్వాతి సీసాలకు అవి వాడుకోవచ్చని. 2016లో అమెరికా నిద్ర వైద్యుల అకాడమీ పిల్లల నిద్ర గంటల పట్టిక వేసినప్పుడు 4 నెలల లోపు వాళ్లకు అంకె ఇవ్వలేదు. ఆ వయసులో ఒక్కొక్కరిది ఒక్కో తీరు కాబట్టి.

ఈ ఒంటి గడియారం కణాల లోపల ఎలా తిరుగుతుందో పండ్ల ఈగల్లో కనిపెట్టినందుకే 2017లో జెఫ్రీ హాల్, మైకేల్ రోస్‌బాష్, మైకేల్ యంగ్‌లకు వైద్యంలో నోబెల్ ఇచ్చారు. మా పిల్లోడికి దీంతో పనేమిటంటే, మనిషి గడియారం 24 గంటలకు సరిగ్గా సరిపోదు, సగటున కొన్ని నిమిషాలు ఎక్కువ తీసుకుంటుంది. రోజూ పొద్దుటి వెలుగు దాన్ని సరిచేయాలి. వెలుగు ఒకరోజు ఆరింటికి, ఇంకోరోజు ఎనిమిదిన్నరకు తగిలితే సరిచేసేది ఏ టైముకు?

రెండో సంగతి నిద్ర ఒత్తిడి. జూరిక్‌లో నిద్ర పరిశోధకుడు అలెగ్జాండర్ బోర్బెలీ 1982లో దీన్ని గడియారంతో కలిపి వివరించాడు. మెలకువగా ఉన్నంతసేపూ కొళాయి కింద బిందెలాగా నిద్ర అవసరం నిండుతూ ఉంటుంది, పడుకుంటే ఖాళీ అవుతుంది. పసిపిల్లలకు అది చాలా తొందరగా నిండుతుంది, అందుకే రెండు గంటలకే కళ్లు నలుపుకుంటారు. సాయంత్రం ఆరున్నరదాకా పడుకుంటే అంతా ఖాళీ అయిపోయి, మళ్లీ నిండేసరికి పది దాటుతుంది. మా పుస్తకంలోని గళ్లు సరిగ్గా ఇదే చూపిస్తున్నాయి.

డిసెంబరు రెండో వారం

మొదట ముట్టుకున్నది పొద్దునను కాదు, సాయంత్రాన్ని. పొద్దునే లేపేసి రాత్రి మాత్రం పదిన్నరకే పడుకోబెడితే ఆ బిడ్డకు నిద్ర తగ్గిపోతుంది. అత్త భయం నిజమయ్యేది అక్కడే. కాబట్టి రాత్రి ముందుకు రావాలి, దానికి మూడో కునుకు ఐదింటికి ముగియాలి.

రాసుకున్నంత తేలిక కాదిది. నాలుగింటికి వాడు చీర ఊయలలో ఉంటాడు, కాలి బొటనవేలు ఒక్కటే బయటికి కనిపిస్తుంటుంది. పగటిపూట పక్కన మనిషి కూర్చుంటేనే ఊయల. రాత్రి మాత్రం గట్టి పరుపు మీద వెల్లకిలా, పక్కన దిండూ దుప్పటీ లేకుండా. పిల్లల డాక్టరు మొదటి రోజే చెప్పిన మాట. ఐదయ్యేసరికి నేను ఊయల దగ్గరికి వెళితే అత్త నా వైపు చూడకుండా చిక్కుడుకాయలు ఈనె తీస్తూ కూర్చునేది. నేను ఊయల తాడు ఆపి, చీర మడత విప్పి, చెయ్యి లోపలికి పెట్టేదాన్ని.

లేపడం అంటే కుదపడం కాదు. నిద్రలోని బిడ్డ చెయ్యి నెమ్మదిగా కాస్త పైకి ఎత్తి వదిలితే, తడిగుడ్డలా దబ్బున పడితే గాఢనిద్ర. అప్పుడు లేపితే ఏడుపు మామూలుగా ఉండదు, ఒళ్లంతా బిగదీసుకుని గుక్కపట్టి ఏడుస్తాడు. పది నిమిషాలు ఆగాలి. ఈ వయసులో నిద్ర ఒక చుట్టు తిరగడానికి దాదాపు గంట పడుతుంది, తేలిక నిద్రలోకి వాడే వస్తాడు. రెప్పల కింద కళ్లు కదులుతాయి, పెదాలు పాలు తాగుతున్నట్టు ఆడతాయి, వేళ్లు విచ్చుకుంటాయి. అప్పుడు చీర మడత తీసి గాలి తగలనిస్తే, అరికాలు మీద వేలితో రాస్తూ పేరు పెట్టి పిలిస్తే, ఏడవకుండానే కళ్లు తెరుస్తాడు. అందుకని పుస్తకంలో "5.00" అని కాకుండా "4.45 నుంచి 5.15" అని రాసుకున్నాను. ఏ టైముకైనా అటూ ఇటూ పావుగంట జాగా ఉండాలి. ఆ జాగా లేని టైంటేబుల్ పసిబిడ్డకు పనికిరాదని నా గట్టి అభిప్రాయం.

వారం తిరిగేసరికి తొమ్మిదింటికి కళ్లు నలుపుకోవడం మొదలైంది. కానీ పడుకోడు. కారణం ఇంట్లో అందరికీ తెలుసు, ఎవరూ నోరు తెరిచి అనరు.

బావతో మాట్లాడిన రోజు

బావకు, అంటే మా ఆయనకు, తిలక్ రోడ్డు పక్క సందులో సెల్‌ఫోన్లు బాగుచేసే షాపు ఉంది. షట్టరు వేసి ఇల్లు చేరేసరికి పది. రోజంతా చిన్న చిన్న స్క్రూలతో తల పగలగొట్టుకుని వచ్చే మనిషి, చెప్పులు విడిచేలోపే "నాయనా" అని కొడుకును ఎత్తుకుంటాడు. ట్యూబ్‌లైటు వెలుగుతుంది, ఇద్దరూ కేరింతలు. కొడుకును చూసుకునేది రోజు మొత్తంలో ఆ అరగంటే. దాన్ని తీసేయమని ఎలా చెప్పాలి?

పుస్తకం తెచ్చి ముందు పెట్టాను. పది దగ్గర తెల్లగా ఉన్న గళ్లు, మర్నాడు పొద్దున ఎనిమిది దాకా నల్లగా ఉన్న గళ్లు చూపించాను. చాలాసేపు చూశాడు. "అంటే నేను వచ్చేసరికి వాడు పడుకుని ఉండాల" అన్నాడు. నేను, "నీ షాపు తెరిచేది పదింటికి కదా బావా, ఏడింటికి వాణ్ణి లేపే డ్యూటీ నువ్వు తీసుకో. రాత్రి అరగంట బదులు పొద్దున రెండు గంటలు నీవే" అన్నాను.

ఈ ప్రాజెక్టులో అన్నిటికంటే పనిచేసింది ఇదేనని ఇప్పుడు రాసేస్తున్నాను. మిగతావన్నీ నిమిషాల సర్దుబాట్లు. పసిబిడ్డ నిద్ర గురించి రాసేవాళ్లు ఎక్కువగా తల్లిని ఉద్దేశించే రాస్తారు. తండ్రి ఇంటికి చేరే టైము, షాపుల షట్టర్లు వేసే టైము ఆ లెక్కల్లో ఉండవు. మన ఊళ్లలో పిల్లల రాత్రి నిద్రను నిర్ణయించేది చాలా ఇళ్లలో అదే.

టైము ఏడు ఎందుకైంది

నేను 6.40కి బయల్దేరాలి కాబట్టి ఆరింటికే లేపి, పాలిచ్చి, ఎత్తుకుని ముద్దాడి వెళ్లొచ్చని మొదట అనుకోవడం సహజం. కానీ తిరుపతిలో డిసెంబరు మొదట్లో 6.20 ప్రాంతంలో ఉదయించే సూర్యుడు, జనవరి మధ్యకు 6.40కి గానీ రాడు. ఏడాది మొత్తంలో ఆలస్యంగా తెల్లవారేది అప్పుడే. ఆరింటికి లేపితే చీకట్లో లేపినట్టు. ట్యూబ్‌లైటు వేసి లేపొచ్చు, కానీ ఫోనులో వెలుగు కొలిచే యాప్ పెట్టి చూశాను. గదిలో ట్యూబ్ కింద నూటయాభై లక్స్ దాటలేదు. ఏడున్నరకు మేడ మీద, నీడలోనే, అంకె వేలల్లోకి వెళ్లింది. యాప్ కాబట్టి ఖచ్చితం కాకపోవచ్చు, తేడా మాత్రం కళ్లకు కట్టినట్టుంది. ఒంటి గడియారాన్ని సరిచేసే వెలుగు మనకు ఉచితంగా, పుష్కలంగా దొరికేది బయటే.

అప్పుడు పాలనూ లేవడాన్నీ విడదీశాను. 6.10కి జీరో బల్బు వెలుగులో, మాట్లాడకుండా, కూర్చుని ఒళ్లోకి తీసుకుని పాలివ్వడం. వాడు కళ్లు మూసుకునే తాగుతాడు. భుజాన వేసుకుని త్రేన్పు తెప్పించి మళ్లీ పరుపు మీద వెల్లకిలా పడుకోబెట్టడం. అది రాత్రిలో భాగం. ఏడింటికి కిటికీ తెర తీస్తాడు బావ, అదీ వాడి పొద్దున.

బావ చేసే తీరు నాకంటే బాగుంది. తెర తీసి, ఫ్యాను తగ్గించి, పక్కన కూర్చుని ఫోను ముట్టుకోకుండా ఎదురుచూస్తాడు. వాడు ఒకసారి ఒళ్లు విరుచుకున్నాక గానీ చెయ్యి వేయడు. తడిసిన గుడ్డ మార్చి, చిన్న టోపీ పెట్టి మేడ మీదికి తీసుకెళతాడు. ఎండ ముందు శేషాచలం కొండల పైఅంచు రాతిమీద పడుతుంది, తర్వాత కిందికి దిగుతూ వీధుల్లోకి వస్తుంది. వాడు చూసేది మాత్రం నీళ్ల ట్యాంకు మీది పావురాలను. ఎండకు ఎదురుగా పెట్టాల్సిన పనిలేదు, ఆరుబయట ఉంటే చాలు.

ధనుర్మాసం మొదలయ్యాక

లేపడం గురించే ఇన్ని రోజులూ ఆలోచించాను, ఇప్పుడు వాడే ముందు లేస్తున్నాడు. డిసెంబరు మధ్య నుంచి కొండ మీద సుప్రభాతం బదులు తిరుప్పావై వినిపిస్తారు, కింద మా వీధి చివరి గుళ్లోనూ తెల్లవారకముందే మైకు పెడతారు. నాకు చిన్నప్పటి నుంచి ఆ పాట లేకుండా చలికాలమే లేదు. వాడు మాత్రం ఐదింటికి ఉలిక్కిపడి లేచి కూతలు మొదలుపెడుతున్నాడు. నిద్రలో చివరి గంటలు ఎలాగూ తేలికగా ఉంటాయి, చిన్న చప్పుడు చాలు.

ఇక్కడ తేల్చుకోవాల్సిన ప్రశ్న వేరు. ఐదింటికి లేచాడు కదా అని లైటు వేసి, ఎత్తుకుని హాల్లోకి తీసుకొస్తే అదే వాడి పొద్దున అయిపోతుంది. ఒంటి గడియారం ఐదుకు జరుగుతుంది, పొద్దున తొమ్మిదింటికే రాత్రిలాంటి పెద్ద నిద్ర వేస్తాడు. అందుకని ఏడుకు ముందు ఏం జరిగినా అది రాత్రే అని ఇంట్లో అందరం ఒప్పుకున్నాం. లైటు లేదు, కబుర్లు లేవు, అత్త తలుపు తెరవదు. ఆకలిగా ఉంటే పాలు, లేకపోతే పక్కన పడుకుని ఒంటి మీద చెయ్యి. కొన్ని రోజులు అరగంట సేపు చీకట్లో తనలో తాను ఊ కొట్టుకుని పడుకున్నాడు, కొన్ని రోజులు ఏడింటిదాకా పడుకోనేలేదు. అయినా తెర ఏడింటికే తీశాం.

కిటికీ వీధివైపు ఉన్న గది మార్చి వెనక గదిలో పడుకోవడం మొదలుపెట్టాక మైకు సమస్య చాలావరకు తీరింది. వెనక గదిలో ఫ్యాను చప్పుడు ఎక్కువ, అది కూడా మేలే చేసింది.

డిసెంబరు చివర

టైము నిలబడింది. మొత్తం నిద్ర గళ్లు లెక్కపెట్టాను, పదమూడున్నర చుట్టూనే ఉంది. రాత్రి ఎనిమిదిన్నర, తొమ్మిది మధ్య పడుకుంటున్నాడు. మధ్యలో పాలకు లేస్తాడు. ఆ సంఖ్య తగ్గలేదు, తగ్గించాలని నేను అనుకోలేదు కూడా. పొద్దున ఒకే టైముకు లేపితే రాత్రంతా మెలకువ రాకుండా పడుకుంటారని ఎవరైనా చెబితే నమ్మకండి. కుదురుకునేది టైమే, రాత్రి మెలకువలు వేరే సంగతి.

అత్త గీతలు గీయడం మాని ఇప్పుడు గంటలే చెబుతోంది. తలంటు కూడా తొమ్మిదికి జరిపింది, ఆ తర్వాత వచ్చే నిద్ర పెద్దది కాబట్టి అది పదింటికే మొదలైతే తన వంటకు బాగుంటుందని. సాంబ్రాణి పొగ మాత్రం డాక్టరు వద్దన్నారని మానేశాం. వాసన కోసం దేవుడి గదిలో, తలుపు వేసి, ఆమె వేసుకుంటుంది.

ఆరు నెలలు నిండాక

ఆరో నెలలో అన్నప్రాశన చేశాం, నెల నిండాక రోజూ రెండు చెంచాల ఉగ్గు. ఫ్లూ టీకా వేయించాం. ఆ రాత్రి ఒళ్లు కాస్త వెచ్చబడింది. మర్నాడు ఏడింటికి బావ తెర తీయబోతే నేనే వద్దన్నాను. జ్వరం, జలుబు, టీకా పడిన మర్నాడు: ఈ మూడింటికీ టైము వర్తించదని పుస్తకం అట్ట లోపల రాసిపెట్టాను. ఒంట్లో బాగాలేని బిడ్డకు నిద్రే మందు, ఎంతసేపు కావాలంటే అంతసేపు పడుకోనివ్వాలి. కాకపోతే పాలకు కూడా లేవకుండా మరీ మగతగా ఉంటే అది నిద్ర కాదు, డాక్టరు దగ్గరికి వెళ్లాలి. మావాడు తొమ్మిదిన్నరకు లేచి నవ్వాడు, రెండో రోజు నుంచి మళ్లీ ఏడు.

సంక్రాంతి, పూతలపట్టు

ఇంటినిండా జనం. భోగి రోజు సాయంత్రం భోగిపళ్లు పోశాం, రేగిపళ్లూ చిల్లర డబ్బులూ తల మీద పడుతుంటే వాడు కళ్లు చికిలించి నవ్వాడు. రాత్రి ఎవరి చేతుల్లో నిద్రపోయాడో కూడా నాకు తెలియదు. పశువుల పండగదాకా గళ్లు నింపనే లేదు.

కానీ ఒకటి చూశాను. అమ్మవాళ్ల ఇంట్లో మేం పడుకున్న గదికి తూర్పు కిటికీ, తెర లేదు. రాత్రి ఎంత ఆలస్యమైనా వాడు ఏడుకు ముందే, ఎవరూ లేపకుండా, కాస్త వెలుగు రాగానే కళ్లు తెరిచాడు. ఆవులు అరవడం ఒక కారణం కావచ్చు. అయినా ఇన్నాళ్లూ మేం చేసిన పనిలో అసలు లేపింది మా చేతులు కాదని, వెలుగేనని నాకు అక్కడ ఖాయమైంది. తిరుపతికి వచ్చాక రెండు మూడు రోజుల్లో పాత టైముకు కుదురుకున్నాడు. పొద్దున ఏడు మార్చలేదు, పగటి కునుకులను మాత్రం వాడి ఇష్టానికి వదిలేశాం. అలసట వాటిలో తీర్చుకున్నాడు.

డ్యూటీలో చేరాక

6.10కి పాలు, 6.40కి బండి. మొదటి రోజు శాంపిల్స్ తీస్తూ మధ్యలో గడియారం ఏడు చూపించినప్పుడు, ఇప్పుడు బావ తెర తీసి ఉంటాడని అనిపించింది. తర్వాత పనిలో పడిపోయాను. ఆ ఒక్క క్షణం నాకు ఎంత ధైర్యం ఇచ్చిందో బిడ్డను వదిలి వెళ్లిన ఏ తల్లికైనా అర్థమవుతుంది. వాడు ఇప్పుడేం చేస్తున్నాడో తెలియక కాదు, తెలిసి పనిచేస్తున్నాను.

ఆదివారం మా ఇద్దరికీ తీరిక. ఆ రోజు కూడా ఏడే. బావ ఒకసారి, "ఈ ఒక్కరోజు పడుకోనీ, మనమూ పడుకుందాం" అన్నాడు. నాకూ ఆశగానే ఉండింది. కానీ సోమవారం పొద్దున అత్త ఒక్కతే ఉండే టైము లెక్క ఆదివారం మీద ఆధారపడి ఉంది. బావ లేచి వాణ్ణి తీసుకెళ్లాడు, నేను పడుకున్నాను. వచ్చే ఆదివారం నా వంతు. ఇదే పద్ధతి నడుస్తోంది.

పక్కింటి అవ్వ మనవరాలికి రెండు నెలల పాప. నన్ను చూసి, మీలాగే ఏడింటికి లేపమంటారా అని అడిగింది. ఇప్పుడే వద్దన్నాను. పగలు కిటికీలు తెరిచి ఉంచమని, రాత్రి పాలకు లైటు వేయవద్దని, అంతే చెప్పాను. నాలుగో నెల దాటి, బరువు బాగా పెరుగుతూ ఉండి, ఇంట్లోవాళ్లకు నిజంగా అవసరమైతేనే టైము సంగతి. ఎవరూ పొద్దునే పరుగెత్తాల్సిన పనిలేని ఇంట్లో బిడ్డ దాదాపు ఒకే వేళకు తానే లేస్తుంటే లేపాల్సిన పనే లేదు.

ఫిబ్రవరి, ఇక చేయాల్సినవి

మూడో కునుకు రోజురోజుకూ చిన్నదవుతోంది, కొన్ని రోజులు పావుగంటే. ఎనిమిది, తొమ్మిది నెలలకు చాలామంది పిల్లలు రెండు కునుకులకు వస్తారు. అది వచ్చినప్పుడు ఐదింటికి లేపే పని ఇక ఉండదు, రాత్రి నిద్ర కాస్త ముందుకు జరపాలి. మొత్తం గళ్లు మళ్లీ రెండు వారాలు లెక్కపెట్టాలి.

రెండోది ఎండాకాలం. ఇప్పుడు ఏడింటికి తెర తీస్తే చాలు, ఎందుకంటే సూర్యుడు అప్పుడప్పుడే వస్తున్నాడు. ఏప్రిల్‌లో ఆరింటికే తెల్లవారుతుంది, మే చివరికి 5.45కు. వెనక గది కిటికీ తూర్పువైపే, ఇప్పుడున్న తెర పలచటి నూలు గుడ్డ. ఇలాగే వదిలేస్తే పూతలపట్టులో లాగా వెలుగే వాణ్ణి ఐదున్నరకు లేపేస్తుంది. గాంధీ రోడ్డులో ముదురు నీలం మందపు గుడ్డ చూసి వచ్చాను. మీటరు ధర అడిగాను, కిటికీ కొలతలు మాత్రం తీసుకెళ్లలేదు. ఈ ఆదివారం బావ కొలిచి పెడతానన్నాడు. అంచులు గోడకు ఆనేలా రెండువైపులా జానెడు ఎక్కువ వేసి, అస్తరు వేయించి కుట్టించాలి. ఉగాదిలోపు వేలాడదీస్తే సరిపోతుంది.